డ్రమ్ములు విప్పిన రోజు

కొండంటూ లేని నేలలో
బ్రేకులకి ఇంత ఖర్చెందుకమ్మా
అని నవ్వాడు లేతు మీద సూరాచారి,
ఇనప చుట్టలు కాళ్ళ దగ్గర వెచ్చగా రాలుతుంటే.

కొండ లేదు, నిజమే.
కాలవుంది. కాలవని అంటుకుని రోడ్డుంది.
లాకు దాటగానే అది చెప్పాపెట్టకుండా
మోచెయ్యిలా మడుస్తుంది.
దాళ్వా కోతలప్పుడు సగం తారు మీద వడ్లారబోసి
చుట్టూ రాళ్ళు పేర్చి
గొడుగేసుకుని కూచుంటారు, రోడ్డు మాదే అన్నట్టు.

ఆ వడ్ల మీదే తిరిగిపోయింది నా పాలియో.
ఇరవై రెండేళ్ళ బండి, ఒకటి పాయింట్ ఆరు ఇంజను.
నాలుగువేలు దాటాక గొంతు మారుస్తుంది.
మొగల్తూరు చెరువుల నీళ్ళు సీసాలకెత్తి
వేడెక్కకముందే భీమవరం ల్యాబుకి చేర్చాలి,
అది నా సాకు.
నిజానికి ఆ గొంతు కోసమే.

దుమ్ము తగ్గాక చూస్తే
ముక్కు వచ్చిన దారికేసి ఉంది,
వెనక చక్రం కాలవకి జానెడు దూరంలో.
చీపురుతో గింజలు దగ్గరికి లాక్కుంటూ ఓ ముసలామె
"ఏం, మర్చిపోయినదేవన్నా ఉందా తల్లీ, ఎనక్కి తిరిగావ్?"

పాలకొల్లులో మీరావలి డ్రమ్ము విప్పాడు.
సుత్తితో నాలుగు దెబ్బలకి గాని ఊడలేదు.
లోపల చెరువుగట్ల ఉప్పు, ఎర్రటి పొడి,
బిస్కెట్టంత పలచబడ్డ లైనింగు.
"ఇన్నాళ్ళూ ముందు చక్రాలే ఆపాయండి మిమ్మల్ని.
ఇయ్యి ఊరికే కూడా వచ్చాయి. ఆయ్."

కోయంబత్తూరు నుంచి పార్సిలొచ్చింది,
తమిళ పేపర్లో చుట్టిన రెండు డిస్కులు, రెండు క్యాలిపర్లు.
పసుపు రంగెయ్యనా అన్నాడు. వద్దన్నాను. వేశాడు.
బ్రాకెట్టు అర మిల్లీమీటరు తేడా వస్తే
సూరాచారి మాట్లాడకుండా దాన్ని మూలకి విసిరి
కొత్త రేకు బిగించాడు.
హ్యాండ్‌బ్రేకు తీగ కురచైంది. తణుకు నుంచి ఇంకోటి.
అలా పదకొండు రోజులు.

ఆఖరి సాయంత్రం నేను సీట్లో, అతను బండి కింద.
తొక్కండి.
పట్టుకోండి.
వదలండి.
సీసాలో ముంచిన సన్న గొట్టంలో బుడగలు.
తొక్కండి. పట్టుకోండి.
రొయ్యకి గాలి చాల్లేదని చెప్పే ఉద్యోగం నాది,
అర్ధరాత్రి ఫోను చేసి ఏరేటర్లు వేయించేదాన్ని.
ఇక్కడేమో ఒక్క బుడగ మిగిలినా
పాదం కింద నేల ఉండదట.
వదలండి.
మళ్ళీ.

గట్టు మీద మొదటిసారి గట్టిగా తొక్కితే
తోక పక్కకి జారింది, ముందటికంటే చురుగ్గా.
నా మొహం చూసి మీరావలి చక్రం పక్కన గొంతుక్కూచున్నాడు.
"ఆగేటప్పుడు బరువంతా ముందుకి పోద్దండి.
ఎనక్కాళ్ళు తేలిపోతాయి.
తేలినోడి మెడ అంత గట్టిగా పట్టుకుంటే
జారిపోడా ఏటి?"
ఇరుసు దగ్గర వాల్వు కొంచెం తిప్పాడు.
నడిపాం. ఇంకొంచెం తిప్పాడు.
అంత డబ్బు పోసి కొన్న బలాన్ని
తగ్గించడానికి ఇంకో పూట పట్టింది.
దానికి మాత్రం కూలి తీసుకోలేదు.

తర్వాతి గురువారం, లాకు మలుపులో
నాలుగొందల బాతులు రోడ్డు దాటుతున్నాయి.
ఒక్కదానికీ తొందర లేదు.
తొక్కాను.
బండి నాలుగు కాళ్ళ మీదా ఒక్కలా కూలబడింది,
గొడ్డు పడుకున్నట్టు.
డిక్కీలో సీసాలు ఒకదాన్నొకటి పలకరించుకుని ఊరుకున్నాయి.

బాతులు తోలే పోసిబాబు కర్ర భుజానేసుకుని
డిక్కీలోకి తొంగిచూశాడు.
ఆ తుప్పు గిన్నెలేంటండి, పారేస్తారా?
ఇచ్చేశాను.
రాత్రుళ్ళు బాతుల వల లేవకుండా
రెండు మూలల బరువట. మిగతా రెండిటికీ ఇటికలు.
ఇంకే బండైనా విప్పిస్తే చెప్పమన్నాడు.